గౌట్ మందు మొదలుపెట్టాక నొప్పి మళ్ళీ వచ్చింది, ఇక ఆ మందు ఆపేయవచ్చా?

మీరు రాసినదాన్ని ముందుగా నాకు అర్థమైనట్టు చెప్తాను. పొరపాటు ఉంటే సరిదిద్దండి. మీ వయసు 52. ఏడాదిన్నరలో మూడుసార్లు కాలి బొటనవేలి మొదట్లో నొప్పి లేచింది. రక్తంలో యూరిక్ యాసిడ్ డెసిలీటరుకు 9.1 మిల్లీగ్రాములు ఉంది. అది కీళ్ళలో పేరుకుని నొప్పి తెచ్చే జబ్బే గౌట్. డాక్టరు అల్లోప్యూరినాల్ 100 మిల్లీగ్రాములు, కోల్చిసిన్ 0.5 మిల్లీగ్రాములు రోజుకొక్కొక్కటి వేసుకోమన్నారు. కోల్చిసిన్‌తో కడుపు కదులుతోందని నాలుగో రోజుకే మానేశారు. అల్లోప్యూరినాల్ ఒక్కటీ కొనసాగించారు. పన్నెండో రోజు రాత్రి రెండో కాలి చీలమండ వాచిపోయింది. నొప్పి తగ్గడానికి ఇచ్చిన మందే నొప్పి తెచ్చిందని దాన్ని కూడా ఆపేసి, ఇంట్లో ఉన్న నొప్పి మాత్ర డైక్లోఫెనాక్ వారం రోజులుగా రెండు పూటలా వేసుకుంటున్నారు. వీటితోపాటు రక్తపోటుకు టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిన మాత్ర, కొలెస్ట్రాల్‌కు అటోర్వాస్టాటిన్ నడుస్తున్నాయి. అల్లోప్యూరినాల్ జీవితాంతం వాడితే కిడ్నీలు పోతాయని ఎవరో అన్నారట. ఇక ఆ మందు జోలికి పోవాలా వద్దా అని మీ ప్రశ్న.

సూటిగా చెప్తున్నాను. ఆపాల్సింది అల్లోప్యూరినాల్ కాదు, డైక్లోఫెనాక్. మొదటి వారాల్లో నొప్పి మళ్ళీ లేవడం అల్లోప్యూరినాల్ పడలేదనడానికి గుర్తు కాదు, పని మొదలుపెట్టిందనడానికి గుర్తు. ఒంటి మీద దద్దుర్లు, జ్వరం, నోట్లో పుళ్ళు లాంటివి ఏమీ లేకుండా కేవలం నొప్పి వల్లే ఆపేసి ఉంటే, సాధారణంగా అదే చిన్న మోతాదుతో మళ్ళీ మొదలుపెట్టిస్తారు. ఆ మాట మీ డాక్టరు నోటి నుంచి రావాలి కాబట్టి రేపే ఫోన్ చేయండి. అప్పటిదాకా డైక్లోఫెనాక్ మానేయండి. దానికి కారణం కింద వివరంగా చెప్తాను.

నేను డాక్టరును కాను. ఆసుపత్రి ఫార్మసీలో ఇరవై మూడేళ్ళుగా పనిచేస్తున్నాను, అందులో చివరి తొమ్మిదేళ్ళు కీళ్ళ వ్యాధుల విభాగం పక్కనే. రోగిని పరీక్షించడం నా పని కాదు. ఎవరు ఏ మందులు ఎలా వేసుకుంటున్నారో, ఎక్కడ తప్పటడుగు వేస్తున్నారో చూడటమే నా పని. గౌట్ విషయంలో ఆ తప్పటడుగు దాదాపు ప్రతిసారీ ఒకేచోట పడుతుంది. మనుషులు భయపడాల్సిన మందును తేలిగ్గా తీసుకుంటారు, ధైర్యంగా వేసుకోవాల్సిన మందును చూసి భయపడతారు. మీరు కూడా అదే చేశారు. అందుకు మిమ్మల్ని తప్పుపట్టను. ఎందుకు ఏ మాత్ర ఇస్తున్నామో మీకు ఎవరూ చెప్పినట్టు లేదు.

గౌట్ మందులు రెండు జాతులు. ఒకటి లేచిన నొప్పిని అణచడానికి: కోల్చిసిన్, డైక్లోఫెనాక్ లేదా నాప్రోక్సెన్ లాంటి నొప్పి మాత్రలు, ప్రెడ్నిసోలోన్ లాంటి స్టెరాయిడ్లు. ఇవి యూరిక్ యాసిడ్‌ను ఒక్క చుక్క కూడా తగ్గించవు. రెండోది యూరిక్ యాసిడ్‌ను తగ్గించడానికి: అల్లోప్యూరినాల్, ఫెబుక్సోస్టాట్, కొందరికి ప్రొబెనెసిడ్. ఇవి ఇవాళ్టి నొప్పిని తగ్గించవు. నొప్పి వచ్చినప్పుడు అల్లోప్యూరినాల్ రెండు మాత్రలు వేసుకుని, తగ్గాక మానేసేవాళ్ళను నేను లెక్కలేనంత మందిని చూశాను. అది ఇల్లు అంటుకున్నాక బావి తవ్వడం మొదలుపెట్టి, మంటలు ఆరగానే పలుగు పక్కన పడేయడం లాంటిది.

మందు మొదలుపెడితే నొప్పి ఎందుకు లేస్తుంది? మన శరీర ఉష్ణోగ్రత దగ్గర రక్తంలో యూరిక్ యాసిడ్ డెసిలీటరుకు సుమారు 6.8 మిల్లీగ్రాములు దాటితే ఇక కరగదు, సన్నని సూదుల్లాంటి స్ఫటికాలుగా పేరుకుంటుంది. కాలి వేళ్ళు గుండెకు దూరం, కాస్త చల్లగా ఉంటాయి. చల్లదనంలో అది ఇంకా తక్కువగా కరుగుతుంది. గౌట్ బొటనవేలితో మొదలవడానికి ఒక కారణం ఇదే. మీకు నొప్పి లేని నెలల్లో కూడా ఆ స్ఫటికాలు కీలు లోపలి మృదులాస్థి మీద సున్నం పూసినట్టు పరుచుకుని ఉంటాయి. అల్లోప్యూరినాల్ రక్తంలో యూరిక్ యాసిడ్‌ను తగ్గించగానే ఆ పూత కరగడం, పెళ్ళలు పెళ్ళలుగా ఊడటం మొదలవుతుంది. ఊడిన ముక్కలు కీలు నీటిలోకి పడితే తెల్ల రక్తకణాలు వాటి మీదికి దూకుతాయి. మీ చీలమండలో ఆ రాత్రి జరిగింది అదే. అంటే ఆ కీలులో కూడా స్ఫటికాలు చాలాకాలంగా ఉన్నాయన్నమాట, మీకు తెలియలేదంతే.

ఇది ముందే తెలిసిన విషయం కాబట్టే అల్లోప్యూరినాల్‌తోపాటు మొదటి మూడు నుంచి ఆరు నెలలు చిన్న మోతాదులో కోల్చిసిన్ ఇస్తారు. అది కాపలా మందు. మీరు కాపలావాణ్ణి పంపేసి తలుపు తెరిచిపెట్టారు. కడుపు కదిలినప్పుడు డాక్టరుకు చెప్పి ఉంటే రోజు విడిచి రోజు వేసుకోమనో, దాని బదులు ఇంకొకటి వాడమనో చెప్పేవారు.

ఇప్పుడు అల్లోప్యూరినాల్ గురించి. ఈ మందు చిన్నగా మొదలై మెల్లగా పెరగాలి. 100 మిల్లీగ్రాములు లేదా అంతకంటే తక్కువతో మొదలుపెడతారు. కిడ్నీ పనితీరు తగ్గినవారికైతే 50తో. తర్వాత కొన్ని వారాలకొకసారి రక్తపరీక్ష చేసి, యూరిక్ యాసిడ్ 6 కంటే కిందికి వచ్చేవరకు కొంచెం కొంచెంగా పెంచుతారు. చర్మం కింద గడ్డలు కట్టినవారికి 5 కంటే కిందికి దించాలని చూస్తారు. చాలామందికి 300 అవసరమవుతుంది, కొందరికి 400, 500 కూడా. అమెరికాలో అనుమతించిన గరిష్ఠ మోతాదు రోజుకు 800.

నన్ను ఎక్కువగా విసిగించే సంగతి ఇక్కడే ఉంది. మొదట రాసిన 100 మిల్లీగ్రాముల చీటీనే పట్టుకుని ఏళ్ళ తరబడి అదే కొనుక్కుంటూ, నొప్పులు పడుతూ, 'ఈ మందు నాకు పనిచేయదు' అని తేల్చేసేవారు ఎందరో. పనిచేయనిది మందు కాదు, మోతాదు. 2018లో బ్రిటన్‌లో వెలువడిన ఒక అధ్యయనంలో ఒక వర్గం రోగులను మామూలు పద్ధతికి వదిలేశారు. రెండో వర్గానికి శిక్షణ పొందిన నర్సులు జబ్బు గురించి ఓపికగా వివరించి, రక్తపరీక్ష చూస్తూ మోతాదు పెంచుతూ వెళ్ళారు. రెండేళ్ళకు నర్సులు చూసినవారిలో నూటికి 95 మంది లక్ష్యానికి చేరారు. మామూలు పద్ధతిలో చేరింది నూటికి 30 మంది. కొత్త మందేమీ కనిపెట్టలేదు. ఉన్న మందునే సరిగ్గా వాడించారు.

కిడ్నీల సంగతి. అల్లోప్యూరినాల్ కిడ్నీలను తినేస్తుందన్న మాట తలకిందులైన మాట. అది శరీరంలోకి వెళ్ళాక ఆక్సిప్యూరినాల్‌గా మారుతుంది, అది కిడ్నీల ద్వారా బయటికి పోతుంది. కిడ్నీలు బలహీనంగా ఉన్నవారిలో అది ఎక్కువసేపు నిలిచిపోతుంది కాబట్టే తక్కువతో మొదలుపెట్టాలి, మెల్లగా పెంచాలి. ఈ జాగ్రత్తనే జనం 'కిడ్నీలకు చెడ్డది' అని చెప్పుకుంటున్నారు. నిజానికి వారం రోజులుగా మీరు వేసుకుంటున్న డైక్లోఫెనాక్‌తో పోలిస్తే, కిడ్నీల విషయంలో అల్లోప్యూరినాల్ సాధువు.

అయితే అల్లోప్యూరినాల్‌తో ఒక్క విషయంలో రాజీ లేదు: దద్దుర్లు. అరుదుగా, మొదలుపెట్టిన మొదటి రెండు నెలల్లో, కొందరికి ఒళ్ళంతా తీవ్రమైన ప్రతిచర్య వస్తుంది. దద్దుర్లు, జ్వరం, నోట్లో పుళ్ళు, కళ్ళు ఎర్రబడటం, ముఖం వాయడం, చర్మం పొరలుగా ఊడటం, కళ్ళు పచ్చబడటం, వీటిలో ఏది కనిపించినా తర్వాతి మాత్ర వేసుకోకూడదు. అదే రోజు డాక్టరుకు చూపించాలి. జ్వరమో, నోటి పుళ్ళో తోడైతే నేరుగా అత్యవసర విభాగానికి వెళ్ళాలి.

నేను చూసిన ఒకాయన సంగతి చెప్తాను. మూడో వారంలో ఛాతీ మీద ఎర్రటి మచ్చలు వచ్చాయి. దురద మాత్ర కొనుక్కుని వేసుకుంటూ, అల్లోప్యూరినాల్ మాత్రం మానకుండా 'క్రమశిక్షణగా' మరో ఐదు రోజులు వేసుకున్నాడు. వార్డులో చేరేనాటికి పెదవులు చిట్లి నీళ్ళు కూడా మింగలేకపోయాడు. బతికాడు కానీ మూడు వారాలు ఆసుపత్రిలోనే ఉన్నాడు. అతనికి మందు మానకూడదని గట్టిగా చెప్పింది మేమే. ఎప్పుడు మానాలో అంత గట్టిగా చెప్పలేదు. అప్పటినుంచి నేను అల్లోప్యూరినాల్ మొదటి స్ట్రిప్పు ఇచ్చేటప్పుడు కవరు మీద ఎర్ర సిరాతో 'దద్దురు వస్తే ఆపు' అని రాసి ఇస్తున్నాను.

ఈ ప్రతిచర్యకు హెచ్‌ఎల్‌ఏ-బి 58:01 అనే జన్యు రకంతో బలమైన సంబంధం ఉంది. హాన్ చైనీయులు, కొరియన్లు, థాయ్ ప్రజలు, ఆఫ్రికన్ అమెరికన్లకు మందు మొదలుపెట్టే ముందే ఈ పరీక్ష చేయించడం మేలని 2020లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ రుమటాలజీ ఇచ్చిన మార్గదర్శకాల్లో ఉంది. మిగతావారికి అందరికీ తప్పనిసరి కాదు. ఎవరికైనా సరే, తీవ్రమైన ప్రతిచర్య ఒకసారి వచ్చిందంటే అల్లోప్యూరినాల్ జీవితంలో మళ్ళీ ముట్టకూడదు. ఇంకొక చిన్న సంగతి: అల్లోప్యూరినాల్ వాడేవారు అమోక్సిసిలిన్ వేసుకుంటే దద్దుర్లు వచ్చే అవకాశం పెరుగుతుంది. ఆ దద్దురు దేని వల్ల వచ్చిందో తేల్చడం కష్టం. యాంటీబయాటిక్ రాయించుకునేటప్పుడు గౌట్ మందు వాడుతున్నానని చెప్పండి.

కోల్చిసిన్ మీద కాస్త ఎక్కువసేపు ఆగుతాను. ఎందుకంటే ఈ జాబితాలో నాకు భయం పుట్టించే మాత్ర ఇదే. చూడటానికి ఆవగింజకు అన్నలా ఉంటుంది. మోతాదు కూడా అర మిల్లీగ్రాము. 'ఇంత చిన్న మాత్ర ఏం చేస్తుంది' అనిపిస్తుంది. ఇది ఒక విషపు మొక్క నుంచి వచ్చిన మందు. మేలుచేసే మోతాదుకూ విషమయ్యే మోతాదుకూ మధ్య దూరం చాలా తక్కువ. విషమైతే విరుగుడు లేదు, డయాలిసిస్‌తో కూడా బయటికి రాదు. మొదటిరోజు వాంతులు, విరేచనాలు. అవి తగ్గినట్టు అనిపించాక, రెండో రోజు మూడో రోజు అసలు నష్టం బయటపడుతుంది: ఎముక మజ్జ, కిడ్నీలు, గుండె. అందుకే ఎక్కువ వేసుకున్నామని అనుమానం వస్తే, ఒంట్లో బాగానే ఉన్నా ఆసుపత్రికి వెళ్ళాలి. ఇంట్లో చిన్నపిల్లలుంటే ఈ స్ట్రిప్పు తాళం వేసే అరలోనే ఉండాలి.

పాత రోజుల్లో 'నొప్పి తగ్గేదాకా లేదా విరేచనాలు మొదలయ్యేదాకా గంటకొకటి' అని రాసేవారు. పెద్దవయసు వారిలో ఇప్పటికీ ఆ లెక్క గుర్తున్నవారు ఉన్నారు. దాన్ని పూర్తిగా మరిచిపోండి. 2010లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో గంట వ్యవధిలో మొత్తం 1.8 మిల్లీగ్రాములు తీసుకున్నవారికీ, ఆరు గంటల్లో 4.8 మిల్లీగ్రాములు తీసుకున్నవారికీ ఉపశమనం దాదాపు ఒకేలా వచ్చింది. విరేచనాలు మాత్రం రెండో వర్గంలో మూడింతలకు పైగా. కాబట్టి ఎక్కువ వేసుకుంటే ఎక్కువ తగ్గదు, ఎక్కువ బాధపడతారు. ఎన్ని, ఎన్ని గంటలకు అన్నది మీ డాక్టరు మీ కిడ్నీల లెక్క చూసి కాగితం మీద రాసి ఇవ్వాలి. అలా రాయించుకోండి. నొప్పి మొదలైన మొదటి రోజులోనే వేసుకుంటే బాగా పనిచేస్తుంది, మూడు రోజులు ఓర్చుకుని వేసుకుంటే అంతగా పనిచేయదు.

కోల్చిసిన్ వాడేవారు కొన్ని మందులకు దూరంగా ఉండాలి. క్లారిత్రోమైసిన్, ఎరిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్‌లు, కీటోకొనజోల్, ఇట్రాకొనజోల్ అనే ఫంగస్ మందులు, అవయవ మార్పిడి తర్వాత వాడే సైక్లోస్పోరిన్, హెచ్‌ఐవీకి వాడే రిటోనవిర్, గుండెకూ రక్తపోటుకూ వాడే వెరాపమిల్, డిల్టియాజెమ్. ఇవి కోల్చిసిన్ ఒంట్లోంచి బయటికి పోయే దారిని మూసేస్తాయి. మీరు వేసుకున్నది ఒకటే మాత్ర, ఒంట్లో పేరుకునేది రెండు నుంచి నాలుగు మాత్రలంత. వెరాపమిల్, డిల్టియాజెమ్ వాడుతుంటే మోతాదు తగ్గించి జాగ్రత్తగా ఇవ్వవచ్చు. క్లారిత్రోమైసిన్‌తో కలిసి, ముఖ్యంగా కిడ్నీలు బాగాలేనివారు, ప్రాణాలు పోగొట్టుకున్న ఉదంతాలు వైద్యసాహిత్యంలో ఉన్నాయి. పంపరపనసకు దగ్గరి చుట్టమైన గ్రేప్‌ఫ్రూట్ రసం కూడా ఈ జాబితాలోదే.

ఇందులో ఒక మారువేషం ఉంది. కడుపులో పుండుకు కారణమయ్యే హెలికోబ్యాక్టర్ క్రిమికి మూడు మందులు కలిపిన కిట్ ఇస్తారు. పెట్టె మీద పెద్ద అక్షరాలతో కిట్ పేరే ఉంటుంది. లోపల క్లారిత్రోమైసిన్ ఉందని చాలామందికి తెలియదు. ఒకసారి ఒక పెద్దమనిషి ఆ కిట్ చీటీ ఇచ్చి, డబ్బులు లెక్కపెడుతూ చేతిసంచి బల్ల మీద పెట్టారు. సంచిలోంచి కోల్చిసిన్ స్ట్రిప్పు సగం బయటికి కనిపించింది. అది కనిపించకపోయి ఉంటే నేను అడిగేవాణ్ణి కాదు, ఆయన చెప్పేవారు కాదు. చీటీ రాసిన డాక్టరుకు గౌట్ సంగతి తెలియదు, గౌట్ డాక్టరుకు కడుపునొప్పి సంగతి తెలియదు. ఇద్దరికీ ఫోన్ చేశాం. కిట్ అయిపోయి మరికొన్ని రోజులు గడిచేదాకా కోల్చిసిన్ ఆపించారు.

మీరు అటోర్వాస్టాటిన్ వాడుతున్నారు కదా. కోల్చిసిన్‌తో కలిపి చాలామంది ఏ ఇబ్బందీ లేకుండా వాడుతున్నారు. కానీ అరుదుగా కండరాలు దెబ్బతింటాయి. కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా లేవలేకపోవడం, మెట్లెక్కుతుంటే తొడలు పట్టు తప్పడం, మూత్రం ముదురు గోధుమ రంగులోకి మారడం కనిపిస్తే వయసు మీద తోసేయకండి. వెంటనే చూపించుకోండి.

ఇక మీ డైక్లోఫెనాక్. దీన్ని ఎందుకు వద్దంటున్నానంటే, రక్తపోటుకు మీరు వేసుకునే ఆ ఒక్క మాత్రలో రెండు మందులున్నాయి. టెల్మిసార్టాన్ కిడ్నీ వడపోత గొట్టాల్లో ఒత్తిడి తగ్గిస్తుంది. హైడ్రోక్లోరోథయజైడ్ నీటిని బయటికి పంపిస్తుంది. ఇప్పుడు మూడోదిగా డైక్లోఫెనాక్ వచ్చి కిడ్నీలోకి రక్తం వచ్చే దారినే ఇరుకు చేస్తుంది. ఈ మూడూ కలిస్తే కిడ్నీ ఉన్నట్టుండి మొరాయించవచ్చు. వాంతులో విరేచనాలో తోడైతే ఇంకా త్వరగా. మీరు వారం వాడారు కాబట్టి డాక్టరును కలిసినప్పుడు కిడ్నీ పనితీరు చూపే క్రియాటినిన్, పొటాషియం పరీక్షలు చేయించమని అడగండి. గుండె వైఫల్యం, కడుపులో పుండు, కిడ్నీ జబ్బు ఉన్నవారికి, రక్తం పలచబరిచే మందులు వాడేవారికి ఈ జాతి నొప్పి మాత్రలు సరిపడవు. మిగతావారికి పొట్టను కాపాడే మాత్రతో కలిపి, నొప్పి తగ్గేదాకా కొద్ది రోజులే ఇస్తారు.

'మరి ఇప్పుడు చీలమండ నొప్పికి ఏం వేసుకోవాలి' అంటారు. మీలాంటివారికి చాలాసార్లు ప్రెడ్నిసోలోన్ సుమారు ఐదు రోజులు ఇస్తారు. మధుమేహం ఉంటే చక్కెర పెరుగుతుంది, అది గమనించుకోవాలి. హాయిగా ఉందని ఆరో రోజు, పదో రోజు సొంతంగా పొడిగించకూడదు. ఒకే కీలుకైతే అందులోకే ఇంజెక్షన్ ఇచ్చే పద్ధతి కూడా ఉంది. ఏదైనా, కీలు వాపుతోపాటు చలిజ్వరం ఉంటే అది గౌట్ అని మీరే తేల్చుకోకండి. కీలులో చీము పట్టినా అచ్చం అలాగే ఉంటుంది. దాన్ని గంటల్లో పట్టుకోవాలి.

అల్లోప్యూరినాల్ పడనివారికి ఫెబుక్సోస్టాట్ ఉంది. దీని గురించి ఇంటర్నెట్‌లో చదివి బెదిరినవారు ఉంటారు. 2018లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో, ముందే గుండెజబ్బు ఉన్న గౌట్ రోగుల్లో, అల్లోప్యూరినాల్ వాడినవారి కంటే ఫెబుక్సోస్టాట్ వాడినవారిలో గుండె సంబంధ మరణాలు ఎక్కువగా కనిపించాయి. 2019లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దాని మీద గట్టి హెచ్చరిక పెట్టింది. 2020లో యూరప్‌లో జరిగిన మరో పెద్ద అధ్యయనంలో ఆ తేడా కనిపించలేదు. నా ఉద్దేశంలో సారాంశం ఇంతే: మొదటి ఎంపిక అల్లోప్యూరినాల్. గుండెజబ్బు ఉన్నవారు ఫెబుక్సోస్టాట్ వాడాల్సి వస్తే డాక్టరుతో మాట్లాడి వాడాలి. ఈ రెండూ ఒకేసారి వేసుకోకూడదు. నవ్వుకోకండి, వేసుకుంటారు. ఒకావిడ తన మందులన్నీ అట్టపెట్టెలో తెచ్చి బల్ల మీద కుమ్మరించారు. స్ట్రిప్పులను ముక్కలుగా కత్తిరించి పెట్టుకున్నారు, సగం వాటి మీద పేరే లేదు. ఒక ముక్క మీద ఒట్టి '40' మాత్రం మిగిలింది. పాత డాక్టరు ఇచ్చిన ఫెబుక్సోస్టాట్, కొత్త డాక్టరు ఇచ్చిన అల్లోప్యూరినాల్ రెండూ నాలుగు నెలలుగా నడుస్తున్నాయి. స్ట్రిప్పు కత్తిరించాల్సి వస్తే పేరు, గడువు తేదీ ఉన్న భాగం చివరిదాకా ఉంచుకోండి.

అజాథయోప్రిన్ లేదా మెర్కాప్టోప్యూరిన్ వాడేవారికి అల్లోప్యూరినాల్, ఫెబుక్సోస్టాట్ ప్రమాదకరం. మీరు వాడటం లేదు కానీ ఇది చదివే మరొకరి కోసం రాస్తున్నాను. అవయవ మార్పిడి, పేగుల వాపు, కొన్ని కీళ్ళ జబ్బులు, రక్త క్యాన్సర్లలో ఆ మందులు వాడతారు. వాటిని శరీరం ఏ ఎంజైమ్‌తో విరగ్గొడుతుందో, ఆ ఎంజైమ్‌నే గౌట్ మందు మూసేస్తుంది. అవి పేరుకుపోయి ఎముక మజ్జ పని ఆగిపోతుంది. చిత్రమేమిటంటే అల్లోప్యూరినాల్ పుట్టిందే ఈ సంబంధంలోంచి. గెర్ట్రూడ్ ఎలియన్, జార్జ్ హిచింగ్స్ బృందం రక్త క్యాన్సర్‌కు ఇచ్చే మెర్కాప్టోప్యూరిన్ ఒంట్లో ఎక్కువసేపు నిలవాలని దీన్ని ప్రయత్నించింది. చూస్తే రోగుల్లో యూరిక్ యాసిడ్ పడిపోతోంది. అలా 1966లో గౌట్ మందుగా అమెరికాలో అనుమతి వచ్చింది. 1988లో వారిద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది. ఆనాడు కావాలని చేసిన పనినే ఈనాడు తెలియక చేస్తే ప్రాణం మీదికి వస్తుంది.

మీ రక్తపోటు మాత్ర గురించి ఇంకొక్క మాట. హైడ్రోక్లోరోథయజైడ్ యూరిక్ యాసిడ్‌ను పెంచుతుంది. దాని బదులు వేరేది కుదురుతుందా అని డాక్టరును అడగండి. రక్తపోటు మందుల్లో లోసార్టాన్‌కు యూరిక్ యాసిడ్‌ను కొంచెం తగ్గించే గుణం ఉంది. అడగమన్నాను, ఆపమనలేదు. గుండె కోసం చిన్న ఆస్పిరిన్ వాడేవారికి కూడా ఇదే మాట. అది యూరిక్ యాసిడ్‌ను కాస్త పెంచుతుంది, అయినా గౌట్ కోసం దాన్ని మానకూడదు.

రోజువారీ సంగతులు త్వరగా చెప్పేస్తాను. అల్లోప్యూరినాల్ భోజనం తర్వాత, పెద్ద గ్లాసు నీళ్ళతో వేసుకోండి. రోజులో నీళ్ళు బాగా తాగండి, గుండె లేదా కిడ్నీ జబ్బు వల్ల నీళ్ళు తగ్గించమని చెప్పి ఉంటే తప్ప. ఒక పూట మరిచిపోతే గుర్తొచ్చినప్పుడు వేసుకోండి, మర్నాడు రెండు కలిపి వేసుకోవద్దు. నొప్పి మళ్ళీ లేచినా అల్లోప్యూరినాల్ ఆపకుండా, దాని పక్కనే డాక్టరు రాసిన నొప్పి మందు వేసుకోవాలి. నొప్పి ఉన్న రోజుల్లో యూరిక్ యాసిడ్ పరీక్ష చేయిస్తే అబద్ధపు ధైర్యం వస్తుంది, ఆ సమయంలో అంకె మామూలుగా చూపించవచ్చు. నొప్పి తగ్గిన రెండు మూడు వారాలకు చేయించండి.

ఎన్నాళ్ళు వాడాలి అంటే, చాలామందికి ఎప్పటికీ. మానేస్తే కొన్ని వారాల్లోనే యూరిక్ యాసిడ్ పాత అంకెకు చేరుతుంది, స్ఫటికాలు మళ్ళీ కట్టడం మొదలవుతుంది. నొప్పి తిరగబెట్టడానికి నెలలు, ఒక్కోసారి ఏళ్ళు పట్టవచ్చు. ఆ మధ్యకాలం చూసే మనుషులు మోసపోతారు. మా దగ్గరికి వచ్చే ఒక విశ్రాంత ఉపాధ్యాయుడికి చెవి అంచున శనగగింజంత తెల్ల గడ్డ ఉండేది. చేత్తో తాకితే ఇసుక నింపినట్టు గరగరలాడేదని ఆయనే చెప్పేవారు. 400 మిల్లీగ్రాముల దగ్గర ఆయన యూరిక్ యాసిడ్ 4.8కి దిగి అక్కడే నిలిచింది. వచ్చినప్పుడల్లా చెవి చూపించి 'ఎంత తగ్గింది' అని అడిగేవారు. మొదటి ఆరు నెలలు నాకు తేడా కనిపించలేదు, ఆయన మొహం చూసి కొద్దిగా తగ్గిందని అబద్ధమాడాను. రెండేళ్ళకు నిజంగానే గడ్డ మాయమై, అక్కడ చిన్న ముడత మిగిలింది.

రేపు డాక్టరుకు ఫోన్ చేసినప్పుడు చెప్పాల్సినవి కాగితం మీద రాసి పెట్టుకోండి. అల్లోప్యూరినాల్ ఏ తేదీన ఆపారు, ఆపినప్పుడు ఒంటి మీద దద్దురు ఉందా లేదా, కోల్చిసిన్ ఎందుకు మానేశారు, డైక్లోఫెనాక్ ఎన్ని మాత్రలు వేసుకున్నారు. చివరిది దాచాలనిపిస్తుంది, సొంతంగా వేసుకున్నారు కాబట్టి. దాచకండి, మీ తర్వాతి మాత్ర ఏదన్నది దాని మీదే ఆధారపడి ఉంది.